దవడ సరిచేసే సర్జన్ కావాలంటే

ఎంబీబీఎస్ సీటు రాక బీడీఎస్‌లో చేరిన పిల్లలు ‘ఇక జీవితమంతా పళ్లు పీకడమేనా’ అని దిగులుపడుతుంటారు. వాళ్లకు ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీలో, అంటే నోరు, దవడ, ముఖాల సర్జరీలో, ఒక్క జబ్బు గురించి చెబితే చాలు, ఆ పని లోతు తెలుస్తుంది.

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలే కింది దవడ ఎముక కొనే కాండైల్. కొందరికి ఎదిగే వయసులో ఒకవైపు కాండైల్ మాత్రం పెరుగుతూనే పోతుంది. గడ్డం రెండోవైపు జరుగుతుంది, పైపళ్లూ కిందిపళ్లూ కలవవు. ‘మూతి వంకర పోయింది’ అని ఇంట్లోవాళ్లు పక్షవాతమేమోనని హడలిపోతారు. ఆ పిల్లలు ఫొటో తీస్తామంటే ముఖం తిప్పుకుంటారు. ఆ బాధ చిన్నది కాదు.

సర్జన్ తేల్చుకోవలసింది ఒకటే: పెరుగుదల ఆగిందా, లేదా? ఆగకముందే దవడను వరసకు తెస్తే మళ్లీ వంకరపోవచ్చు. అందుకే కొన్ని నెలల తేడాతో తీసిన ఫొటోలు, పళ్ల అచ్చులు పక్కపక్కన పెట్టి చూస్తారు. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం ఎక్కించి స్పెక్ట్ స్కాన్ తీస్తారు. దాన్ని పీల్చుకోవడంలో రెండు కాండైల్స్ మధ్య తేడా 10 శాతం దాటితే ఇంకా పెరుగుతోందని అనుమానిస్తారు. అప్పుడు కాండైల్ పైభాగాన్ని సుమారు 5 మిల్లీమీటర్ల మేర తీసేస్తారు. ఆగిపోయిందని తేలితే, ముందు పళ్లకు క్లిప్పులు వేసి వరస సరిచేస్తారు. తర్వాత నోటి లోపలి నుంచే దవడలను కోసి, జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముకలోంచే పోతుంది కాబట్టి చేతికి ఎంతో నిదానం కావాలి.

నీట్ యూజీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 ఏళ్ల బీడీఎస్, నీట్ ఎండీఎస్, ఆపైన ఈ సర్జరీలో 3 ఏళ్ల ఎండీఎస్: ఇదీ దారి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఈ విభాగం ఉంది. పీజీ సీటు ఎంచుకునేముందు ఆ కాలేజీలో చదువుతున్న పీజీలనే అడగండి, ఇలాంటి కేసులు ఎన్ని వస్తాయో, తమ చేత ఎంత చేయిస్తారో. రోడ్డు ప్రమాదాల్లో విరిగిన దవడలు మాత్రం ఎక్కడైనా తప్పవు. రాత్రి డ్యూటీలకు సిద్ధపడే రండి. సర్జరీ వద్దనుకున్నా ఇదే వైద్యంలో ఆర్థోడాంటిస్టుకు, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుకు, సీటీ స్కాన్ నుంచి కంప్యూటర్లో కోతల ప్లాన్ గీసే డిజైనర్‌కు చోటుంది.

ఇంటర్న్‌షిప్‌లో సర్జరీ పోస్టింగ్ వచ్చినప్పుడు థియేటర్‌కు ఒకరోజు తక్కువ వెళ్లినా పర్లేదు, ఓపీలో కూర్చోండి. పదిహేడేళ్ల అమ్మాయికి, పక్కనున్న వాళ్లమ్మకు ‘ఇంకో ఆర్నెల్లు ఆగుదాం’ అని మీ సీనియర్ ఎలా చెబుతారో వినండి.