టెస్టింగా... అని పెదవి విరవకండి

‘‘మావాడికి మంచి కంపెనీలోనే ఉద్యోగం వచ్చిందండీ. కాకపోతే టెస్టింగ్‌లో వేశారట.’’ కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులు ఈ మాట గొంతు తగ్గించి చెబుతారు, ఏదో పరువు తక్కువ పని జరిగినట్టు. పక్కనే కూర్చున్న పిల్లాడు తల దించుకుంటాడు. కోడింగ్ వచ్చినవాళ్లు డెవలపర్లు, రానివాళ్లు టెస్టర్లు అనే లెక్క మన ఇళ్లలో పాతుకుపోయింది. అది తప్పు లెక్క. విమానాలు, రాకెట్ల రంగంలోనైతే మరీ తప్పు. అక్కడ ప్రాణాలతో ముడిపడ్డ సాఫ్ట్‌వేర్‌ను రాయడానికి పట్టే శ్రమ కన్నా, అది సరిగ్గా ఉందని నిరూపించడానికి పట్టే శ్రమే తరచూ ఎక్కువ.

ఎవరూ అడగని ప్రశ్న

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్ కొత్త రాకెట్ ఏరియాన్-5 తొలిసారి నింగికి లేచింది. 40 సెకన్లు తిరక్కుండానే దారి తప్పి ముక్కలైంది. అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ బూడిదయ్యాయి.

కారణం సాఫ్ట్‌వేర్. రాకెట్ ఎటు పోతోందో చెప్పే నావిగేషన్ వ్యవస్థను ఏరియాన్-4 నుంచి తెచ్చి ఇందులో వాడారు. అందులో ఒకచోట 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణ సంఖ్యగా మారుస్తారు. ధన, రుణ గుర్తుతో కలిపి 16 బిట్లలో 32,767కు మించిన అంకె పట్టదు. పాత రాకెట్‌లో ఆ విలువ ఎప్పుడూ అంత దూరం పోలేదు. కొత్త రాకెట్ దారి వేరు, అడ్డంగా అందుకునే వేగం ఎక్కువ. అంకె హద్దు దాటింది, కంప్యూటర్ ఆగిపోయింది. బ్యాకప్ కంప్యూటర్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అదే కారణంతో అప్పటికే చేతులెత్తేసింది. ఇంకో విషాదం ఏమిటంటే, తప్పు జరిగిన ఆ లెక్క ఏరియాన్-5 నేల విడిచాక అవసరమే లేదు.

కొత్త రాకెట్ ప్రయాణమార్గం వివరాలతో ఆ వ్యవస్థను నేల మీదే పరీక్షించి ఉంటే లోపం బయటపడేదని జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన దర్యాప్తు సంఘం తేల్చింది. పాతదాంట్లో బాగానే పనిచేసింది కదా అన్న ధీమా కొంప ముంచింది. ‘ఈ రాకెట్‌లో ఈ అంకె ఎంతవరకు పోవచ్చు?’ అని పట్టుబట్టి అడగడమే టెస్ట్ ఇంజినీర్ పని. అది తెలివి తక్కువవాళ్లకు అప్పజెప్పే పనా?

అసలు పని ఇలా ఉంటుంది

1993 సెప్టెంబర్ 14న వార్సాలో లుఫ్తాన్సా ఎ320 విమానం తడి రన్‌వే మీద, వెనక నుంచి గాలి తోస్తుండగా, ఓ పక్కకు ఒరిగి దిగింది. వేగం తగ్గించే స్పాయిలర్లు రెక్కల మీద లేవాలంటే రెండు ప్రధాన ల్యాండింగ్ గేర్ల మీదా చాలినంత బరువు పడాలి, లేదా చక్రాలు నిర్ణీత వేగంతో తిరగాలి. ఒక గేర్ మీద బరువు ఆలస్యంగా పడింది. నీటి మీద జారుతున్న చక్రాలు తిరగాల్సినంత తిరగలేదు. దాదాపు 9 సెకన్లు స్పాయిలర్లు లేవలేదు. ఇతర కారణాలూ తోడై విమానం రన్‌వే దాటి మట్టి గట్టును ఢీకొంది. ఇద్దరు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ మాత్రం రాసింది రాసినట్టే పనిచేసింది.

ఇప్పుడు ఆ షరతులు మీ టేబుల్ మీదకు వచ్చాయనుకోండి. ఎడమ గేర్ నేల మీద, కుడిది గాల్లో ఉంటే? రెండూ ఆనినా చక్రాలు జారుతుంటే? ఒక సెన్సర్ అబద్ధం చెబితే? మిగతావి కదపకుండా ఒక్కో షరతునే మార్చి, దానివల్లే ఫలితం మారుతోందని చూపించాలి. దీన్నే ఎంసీడీసీ కవరేజ్ అంటారు. లోపం వస్తే విమానమే కూలిపోయేంత కీలకమైన ‘లెవెల్ ఎ’ సాఫ్ట్‌వేర్‌కు డీవో-178సి ప్రమాణం దీన్ని తప్పనిసరి చేసింది. కోడ్ రాసిన మనిషే దాన్ని పాస్ చేయడానికీ ఒప్పుకోదు. ఇన్ని పరీక్షలు నెగ్గినా, మొదట రాసుకున్న షరతే వాస్తవానికి సరిపోకపోతే? ఆ అనుమానం రాగలిగిన బుర్రే ఈ పనికి కావాలి.

చదువు, అర్హత

బీటెక్ చాలు. ఇస్రో, డీఆర్‌డీవో, హైదరాబాద్, బెంగళూరుల్లోని ప్రైవేటు ఏవియానిక్స్ సంస్థలు వేటికవే నియామక పద్ధతులు పాటిస్తాయి, ఏటా నోటిఫికేషన్లు చూసుకోవాలి.

నన్నడిగితే ఈ పనికి ఈసీఈ, ఈఈఈ చదివి సి లాంగ్వేజ్ గట్టిగా పట్టుకున్న విద్యార్థిని ముందు ఎంచుకుంటాను. సిగ్నల్, సెన్సర్, కోడ్ మూడూ అర్థమవుతాయి కాబట్టి. మన దగ్గర జరుగుతున్నది వేరు. మంచి కాలేజీలో ఈసీఈ సీటు వదిలేసి, పేరులో ఏఐ ఉంటే చాలని ఊరూ పేరూ లేని కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాకు లక్షలు పోస్తున్నారు. పిల్లల ఇష్టం అడిగేవారే లేరు.

ఈ ఉచ్చుల్లో పడకండి

అమీర్‌పేటలో కొద్ది వారాల టెస్టింగ్ కోర్సు, ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు చూసి ఫీజు కట్టేయకండి. వెబ్‌సైట్లను పరీక్షించే టూల్ నేర్చుకుంటే ఆ రంగంలో పనికొస్తుంది, విమానాల సాఫ్ట్‌వేర్‌కు దారి చూపదు. ‘డీవో-178సి సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అనేవారూ ఉన్నారు. ఆ ప్రమాణం సాఫ్ట్‌వేర్‌కు వర్తించేది, మనుషులకిచ్చే లైసెన్సు కాదు. ఇక దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ జోలికి అసలే పోవద్దు. ప్రతి కాగితానికీ ఆధారం అడిగే రంగంలోకి అబద్ధంతో అడుగు పెడితే ఆ కెరీర్ నిలవదు.

అన్నిటికన్నా ఖరీదైన ఉచ్చు అమెరికాలో ఏరోస్పేస్ ఎంఎస్. అక్కడ రక్షణ, అంతరిక్ష పరిజ్ఞానం మీద ఐటార్ అనే ఎగుమతి నిబంధనలున్నాయి. వాటివల్ల ఆ రంగంలో చాలా ఉద్యోగాలు ప్రధానంగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే దక్కుతాయి. పొలం తాకట్టు పెట్టి పంపాక ఈ సంగతి తెలిస్తే ఆ అప్పు భారమంతా పిల్లల నెత్తినే పడుతుంది. దరఖాస్తుకు ముందే ఈ నిబంధన చదవండి.

డబ్బు లేకుండా మొదలుపెట్టండి

ఎన్‌పీటెల్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. చవకైన మైక్రోకంట్రోలర్ బోర్డు, ఉష్ణోగ్రత సెన్సర్ కొనండి. అది ఏం చేయాలో పది వాక్యాల్లో రాసుకోండి. ఒక్కో వాక్యానికి ఒక టెస్ట్ రాయండి. సెన్సర్ వైరు పీకేస్తే ఏమవుతుందో కూడా చూడండి. తర్వాత మీ కోడ్ స్నేహితుడికిచ్చి, అతనిది మీరు పరీక్షించండి. ఇంటర్వ్యూలో ఈ కాగితాలు చూపండి. సర్టిఫికెట్ల కట్ట కన్నా ఇవే ఎక్కువ మాట్లాడతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ రంగంలో తొలి జీతం పక్కింటి అబ్బాయి ప్యాకేజీ కన్నా తక్కువ ఉండొచ్చు. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఆ అంకెలు పోల్చి పిల్లల్ని చిన్నబుచ్చకండి. అనుభవం పెరిగేకొద్దీ విలువ పెరిగే పని ఇది.

టెస్టింగ్ ఉద్యోగం వస్తే విద్యార్థులు మూడు విషయాలు కనుక్కోవాలి. రిక్వైర్‌మెంట్లు చదివి టెస్టులు నేనే రాస్తానా? కోడ్ చూడనిస్తారా? లోపం కనిపిస్తే విడుదల ఆపమని చెప్పే హక్కు టీమ్‌కు ఉందా? మూడింటికీ అవునంటే తలెత్తుకుని చేరండి. వేరొకరు రాసిన స్క్రిప్టులు నడపడమే పనైతే, అప్పుడు మాత్రం ఇంకోచోట ప్రయత్నించండి.