బట్ట మారితే బిడ్డ మారిందా?



మొన్న ఆదివారం దివ్యపూజ ముగిశాక గాజువాక వైపు నుంచి వచ్చే ఒక తల్లి నన్ను గుడి వరండాలో ఆపి, తన సెల్‌ఫోన్ నా చేతికిచ్చింది. పైచదువుకు విదేశం వెళ్లిన కూతురి ఫొటో అది. జీన్స్ ప్యాంటు, చేతులు లేని జాకెట్టు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. "ఫాదర్‌గారూ, జడ వేసి, చున్నీ కప్పి విమానం ఎక్కించాను. ఏడాది తిరక్కుండానే ఇలా తయారైంది. మా పిల్ల చెడిపోయిందంటారా?" అని కళ్లు తుడుచుకుంది. ఆ ఫొటో చూసినప్పటి నుంచి కూతురితో సరిగా మాట్లాడటం లేదట.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఒకప్పుడు ఆ తప్పు నేనూ చేశాను.

రోములో చూసినది

2000వ సంవత్సరం, మహా జూబిలీ రోజులు. నేను కొంతకాలం రోము నగరంలో ఉన్నాను. బస్సుల్లో, వీధుల్లో యువతుల దుస్తులు చూసి మొదట్లో తల తిప్పుకునేవాణ్ణి. "ఈ దేశంలో విశ్వాసం ఎండిపోయింది" అని మా ఇంటికి ఉత్తరం కూడా రాశాను. పునీత పేతురు మహాదేవాలయంలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకోనిదే రానివ్వరు. గుమ్మం దగ్గర అమ్మాయిలు సంచిలోంచి శాలువా తీసి కప్పుకోవడం చూసి, "కాపలావాడి భయమే గాని దైవభయం ఏదీ?" అనుకునేవాణ్ణి.

ఆ ఆగస్టు 15 నుంచి 20 వరకు ప్రపంచ యువజన దినోత్సవాలు జరిగాయి. చివరి రాత్రి తోర్ వెర్గాతా మైదానంలో దాదాపు 20 లక్షల మంది చేరారు. అంతకుముందు, పాత రోమీయులు రథపందేలు ఆడిన చిర్కో మాస్సిమో స్థలాన్ని పాపసంకీర్తనాలకు కేటాయించారు. మండుటెండ. నిక్కర్లు, చేతులు లేని బనియన్లు వేసుకున్న ఆడపిల్లలు వరుసల్లో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూశారు. ఇంగ్లీషులో చెప్పుకునేవారి కోసం నేనూ కూర్చున్నాను. అక్కడ విన్నది నా పెదవి దాటదు. చూసినది మాత్రం చెప్పగలను. మోకరించి వెక్కివెక్కి ఏడ్చినవారిని చూశాను. బస్సులో నేను తీర్పు తీర్చిన అమ్మాయిల్లాంటివారే వీరు. ఆ సాయంత్రం నేనే మరొక గురువు ముందు మోకరించాను.

తిరుసభ బోధ

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు మాట ఒకటి పరీక్ష కోసం కంఠస్థం చేశాం. ఆయన తన 'సుమ్మా' గ్రంథంలో వస్త్రధారణకు ఒక ప్రశ్న పూర్తిగా కేటాయించారు. దోషం వస్తువులో లేదు, దాన్ని మితం తప్పి వాడే మనిషిలో ఉంది అంటారు. మనం ఎవరి మధ్య నివసిస్తున్నామో వారి ఆచారం కూడా చూడాలంటారు. ఆడంబరంగా కట్టేవాడికే కాదు, చింకి బట్టలు కట్టి గొప్పకు పోయేవాడికీ ఆయన చురక అంటించారు. మన సత్యోపదేశం కూడా నిరాడంబరతకు ఒక్కో సంస్కృతిలో ఒక్కో రూపం ఉంటుందని, మానవ గౌరవం మాత్రం అన్నిచోట్లా ఒకటేనని నేర్పుతోంది. ఇక మన ప్రభువు చెడుచూపు గురించి చెప్పినప్పుడు తప్పును చూసేవాడి హృదయం మీదే మోపాడు (మత్తయి 5:28).

మదర్ తెరెసాను తలచుకోండి. ఐరోపాలో పుట్టిన ఆమె 1948లో పాత మఠవస్త్రాలు విడిచి, నీలి అంచు తెల్లచీర కట్టింది. బట్ట మారింది గనుక ఆమె విశ్వాసం మారిందని ఎవరైనా అన్నారా? ఆ చీర ఆమెను కలకత్తా పేదలకు దగ్గర చేసింది. కాబట్టి మనం అడగవలసినది ఇది: ఈ బట్ట, ఈ జీవన విధానం నన్ను ఎవరికి దగ్గర చేస్తోంది, ఎవరికి దూరం చేస్తోంది?

అసలు ప్రమాదం ఎక్కడ?

ఫ్యాషన్‌లో ప్రమాదమే లేదని నేననను. నెలకొక కొత్తది కొనిపించే వ్యాపారం పిల్లల మెడకు కనబడని గొలుసు. దాని భారం మోసేది ఎక్కువగా ఇంకో పేద పిల్లే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. విదేశీ దుకాణాలకు దుస్తులు కుట్టే కార్మికులు వారు, వారిలో అత్యధికులు స్త్రీలు. వారికి నెలకు 38 యూరోల జీతమని తెలిసి, అది బానిస చాకిరి అన్నారు ఫ్రాన్సిస్ పోపుగారు. మన అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాలకు కూడా పల్లెల నుంచి ఆడపిల్లలు బస్సుల్లో వెళ్తున్నారు. చొక్కా కొనేటప్పుడు దాన్ని కుట్టిన చేతిని తలచుకోవడం కూడా నిరాడంబరతే.

రోములో ఇంకొకటి గమనించాను. అక్కడి అమ్మాయిలు హోటల్లో గిన్నెలు కడిగి చదువుకునేవారు. ఏ పనికీ సిగ్గుపడేవారు కాదు. అది మెచ్చుకోదగినది. కాని పొద్దుపోయాక ఒంటరిగా గదికి చేరి, మాట్లాడే దిక్కు లేక, నిలబడే రెండు ముద్దలు తినేవారినీ చూశాను. పరాయి దేశంలో ఆడపిల్లను చెడుదారి పట్టించేది చేతులు లేని జాకెట్టు కంటే ఆ ఒంటరితనమే. అందుకే ఆ తల్లితో ఇలా అన్నాను: "అమ్మా, ఈ రాత్రే ఫోన్ చెయ్యి. బట్టల మాట ఎత్తకు. అన్నం తిన్నావా అని అడుగు. గుడి ఎంత దూరం, తోడెవరు అని అడుగు. నువ్వు మానేసిన మాటలు ఇంకెవరో మొదలుపెడతారు."

కుటుంబ ప్రార్థన వేళ ఆలోచించండి

1. దూరాన ఉన్న మన బిడ్డతో మాట్లాడే మాటల్లో ప్రేమ ఎంత, విచారణ ఎంత?
2. ఆడపిల్ల దుస్తులు చూసే మన ఇల్లు, మగపిల్లవాడి చూపును సరిదిద్దుతోందా?
3. పండుగ బట్టల ఖర్చులో పొరుగింటి పేదబిడ్డకు భాగం ఉందా?

రాస్‌హిల్ మీద మరియమాత గుడి దగ్గర నిలబడితే రేవులోకి వచ్చే ఓడలు, సముద్రం మీదికి పోయే ఓడలు కనిపిస్తాయి. ఆ తల్లి కూడా ఐగుప్తు వీధుల్లో పరాయి మనిషిగా బతికింది. కడలి దాటిన మన ఆడబిడ్డలను ఆమెకు అప్పగించి, ఈ రాత్రి ఒక జపమాల చెబుదాం. చెప్పాక, ఫోన్ చేద్దాం.