ఇంటిపేరు చూసి చుట్టరికం కలపొద్దు

వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్నటి నూలు వడికి నేసే పొందూరు ఖద్దరును అక్కడి కార్మికుల సంఘం దశాబ్దాలుగా అమ్ముతోంది. ఖాదీ అని గుర్తింపు ఇచ్చేది ఖాదీ గ్రామోద్యోగ కమిషన్. అంతమాత్రాన కమిషన్ ఆ సంఘానికి మాతృసంస్థ అయిపోదు. గుర్తింపు వేరు, యాజమాన్యం వేరు. కస్టమర్ ఖాతాల్లో ఈ తేడా పట్టుకునేవాళ్లే మాస్టర్ డేటా అనలిస్టులు, కేవైసీ అనలిస్టులు.

మన శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్ ఫ్యాక్టరీ ఉంది. సరుకు పంపే వ్యాపారి ఎక్సెల్‌లో అదే కంపెనీ ‘డీఆర్‌ఎల్’ అని ఒకచోట, ‘డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్స్, హైదరాబాద్’ అని మరోచోట ఉందనుకోండి. ఆ పక్కనే ‘ఆరిజీన్ ఫార్మాస్యూటికల్ సర్వీసెస్’ ఉంది. మీరేం చేస్తారు?

జీఎస్టీ నంబరు చూడండి. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి: ఆంధ్రకు 37, తెలంగాణకు 36. తర్వాతి పది పాన్ నంబరు. పాన్ ఒకటే అయితే కంపెనీ ఒకటే, చిరునామాలే వేరు. ఆరిజీన్ పాన్ వేరు, కంపెనీ వేరు. కానీ దాని యజమాని డాక్టర్ రెడ్డీసే. పేరులో ఆ ఆనవాలే లేదు! ఆ రెండింటినీ ఒకే ఖాతాగా కలిపేయకూడదు, తల్లీపిల్లలుగా ముడివేయాలి.

సగానికి మించి ఓటింగ్ హక్కు గానీ, బోర్డు కూర్పుపై అదుపు గానీ ఉంటే అనుబంధ సంస్థ అంటుంది కంపెనీల చట్టం 2013, సెక్షన్ 2(87). బ్యాంకులకు ఇది మరీ కీలకం. బ్యాంకు ఇచ్చే అప్పుల వంటివి దాని టైర్-1 (ప్రధాన) మూలధనంలో సాధారణంగా ఒక సంస్థకు 20 శాతం, సంబంధమున్న సంస్థలన్నిటికీ కలిపి 25 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. ముడి తప్పితే ఆ లెక్కే తప్పుతుంది. వాటాలు చేతులు మారుతుంటాయి కాబట్టి ఏ తేదీన చూశారో తప్పక రాయండి.

బీకాం చదివినవారికి ఈ పని త్వరగా పట్టుబడుతుంది. ఎక్సెల్, కొంచెం ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే చాలు. ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలో ‘ఏఓసీ-1’ పట్టిక తెరవండి. అనుబంధ సంస్థలన్నీ అక్కడుంటాయి. వాటితో ఒక వంశవృక్షం గీసి, ప్రతి గీత పక్కనా ఆధారం రాసి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.