పిడికెడు బియ్యం

వాక్యభాగం: మార్కు 12:41–44, 2 కొరింథీయులకు 8:1–12

వెల్లింగ్టన్‌లో ఇంటి అద్దె, కరెంటు బిల్లు కట్టాక చేతిలో ఏమీ మిగలని వారాలుంటాయి. ఆ ఆదివారం కానుకసంచి మీ ముందుకొస్తే సిగ్గుతో తల దించుకుంటున్నారా?

దేవాలయంలో బీద విధవరాలు వేసింది రెండు కాసులే. ప్రభువు ఆమె ఎంత వేసిందో కాదు, ఎంతలోనుండి వేసిందో చూశాడు. అలాగని అప్పు చేసి ఇవ్వమని కాదు. మన దగ్గర లేనిదాన్ని దేవుడు లెక్క అడగడని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఉన్నదానిలోనుండి, మనస్ఫూర్తిగా ఇవ్వడమే కానుక.

మన ఊళ్లలో అమ్మలు అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని పనికోసం పక్కన పెట్టేవారు. ఆ పిడికెడు లేనందువల్ల ఇంట్లో ఎవరూ పస్తులుండలేదు.

మనమున్న ఈ నగరంలోనే, సొంత ఆస్తి లేని సన్యాసిని సుజాన్ ఓబేర్ 1901లో ఆకలిగొన్నవారికోసం సూప్ కిచెన్ ప్రారంభించింది. ఆమె 1926లో ప్రభువు సన్నిధికి చేరింది. ఆ సేవ మాత్రం నేటికీ టోరీ స్ట్రీట్‌లో కొనసాగుతోంది.

మీరు ఈ దేశంలో దిగిన రోజు మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టినవారు గుర్తున్నారా? ఆ రుణం వారికే తీర్చనక్కరలేదు. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఒక పూట భోజనం, నైట్ షిఫ్టుకు వెళ్లే తల్లి పిల్లలకు ఒక గంట తోడు, ఒంటరి పెద్దలకు ఒక ఫోను. ఇవీ పిడికెళ్లే.

ఈ వారం మీ పిడికెడు ఏది? ప్రార్థించి, ఒక్కటి ఎంచుకోండి. ప్రభువు దానిని ఆశీర్వదించును గాక. ఆమేన్.