టైల్స్ కింద డొల్ల శబ్దం రాకూడదంటే...

ప్రశ్న: కొత్త ఇంట్లో సిరామిక్ టైల్స్ వేయించబోతున్నాం. కొన్నాళ్లకు డొల్లగా మోగకుండా, పైకి లేవకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: డొల్ల శబ్దానికి మూలం టైల్ కింద మిగిలిపోయే ఖాళీలే. ముందుగా గచ్చు గట్టిపడాలి. కొత్త కాంక్రీటుకు ఇందుకు సుమారు 28 రోజులు పడుతుంది. ఆపై దుమ్ము, నూనె మరకలు తొలగించి, రసమట్టంతో ఎత్తుపల్లాలు సరిచూడాలి. సిమెంటు మాలుతో వేసేటట్లయితే సిరామిక్ టైల్స్‌ను ముందే నీళ్లలో నానబెట్టాలి. లేకుంటే అవి మాలులోని తేమను పీల్చేసి పట్టు తగ్గిస్తాయి. టైల్ అడ్హెసివ్‌తో వేస్తే సాధారణంగా నానబెట్టే అవసరం ఉండదు. అడ్హెసివ్‌ను టైల్ మూలల్లో ముద్దలుగా పెట్టకూడదు. పళ్ల తాపీతో నేలంతా పరిచి, టైల్‌ను రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. మధ్యమధ్య ఒక టైల్ ఎత్తి, వెనకంతా అంటిందో లేదో చూడాలి.

టైల్స్ వేడికి వ్యాకోచిస్తాయి. సందు వదలకుండా బిగిస్తే వేసవిలో పైకి లేచే ప్రమాదం ఉంది. అందుకే స్పేసర్లతో 2–3 మిల్లీమీటర్ల సందు, గోడల వెంబడి మరికొంత ఖాళీ ఉంచాలి. గోడ దగ్గరి ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. స్నానాలగదిలో నీళ్లు పోయే వైపు మీటరుకు కనీసం 1 సెంటీమీటరు వాలు ఇవ్వాలి. టైల్స్ వేసిన 24 గంటల తర్వాతే సందుల్లో గ్రౌట్ నింపాలి. అంతవరకు ఆ నేలపై నడవకూడదు.