చేప కొలత: చేయవలసినవి - చేయకూడనివి

చిన్న చేపను వదిలేస్తే సరస్సు నిండుతుందన్న మాట సగమే నిజం. చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, ఆంధ్ర, తమిళనాడు పంచుకున్న పులికాట్ సరస్సు ఉంది. మన పెద్దవాళ్లు దాన్ని ప్రళయకావేరి అనేవారు. అలాంటి ఉప్పునీటి కయ్యల్లో పెరిగే పండుగప్పనే చెన్నైలోని మైలాపూరు వాళ్లు నొచ్చికుప్పం బజారులో కొడువా పేరుతో కొంటారు. ఈ చేప మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. అందుకే బాగా పెద్దవన్నీ దాదాపు తల్లులే. చిన్నవాటిని వదిలి పెద్దవాటినే పడితే మగవి మిగులుతాయి, గుడ్లు తగ్గుతాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో దీనికి రెండు హద్దులు పెట్టారు. 58 సెంటీమీటర్లకు తక్కువైనా, 120కి ఎక్కువైనా నీళ్లలో వదలాల్సిందే. నా దృష్టిలో మనకూ అలాంటి పద్ధతే కావాలి.

చేయవలసినవి

• గాలానికి చేప పడితే మూతి కొస నుంచి తోక కొస దాకా కొలవండి. వదిలేది అయితే చేతులు తడుపుకుని పట్టుకోండి. పొడి చేతులు దాని ఒంటిమీది జిగురును తుడిచేస్తాయి, ఆపైన పుండ్లు పడతాయి.

• పండుగప్ప మొప్పల మూత అంచు కత్తిలా కోస్తుంది, జెల్ల ముల్లు గుచ్చుకుంటే విషం ఎక్కి చేయి వాస్తుంది. మందపాటి తడి గుడ్డ లేకుండా వాటి జోలికి పోకండి.

• బజారులో ఎదిగిన చేపనే అడగండి. కేరళ 2015లో కనీస కొలతలను నిబంధనగా తెచ్చి, 2017లో 58 రకాలకు విస్తరించింది. కవళ్లకు 10, కానాగడతలకు 14 సెంటీమీటర్లు. మన సంచిలోకి వచ్చేవాటికీ ఆ కొలతలు చూసుకోవచ్చు.

చేయకూడనివి

• చవగ్గా వస్తున్నాయని వేలెడు పిల్లల కుప్ప కొనకండి. సన్నకన్ను వలలో నలిగి చచ్చిన పిల్లను తిరిగి నీళ్లలో వేసినా లాభం లేదు. కొలత నియమం వల కన్ను దగ్గరే మొదలవ్వాలి. కొనేవాళ్లుంటే ఆ సన్నకన్ను వల మళ్లీ దిగుతుంది.

• పొట్ట కింద గుడ్ల గుత్తి ఉన్న పీతను రుచి కోసం ఏరుకోకండి.

• అన్ని చేపలకూ ఒకే నియమం అనుకోకండి. 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబీ చేప, అంటే తిలాపియా, చాలా చిన్న వయసులోనే గుడ్లు పెడుతుంది. చిన్నవాటిని వదులుతూ పోతే చెరువు కిక్కిరిసి, తిండి చాలక అన్నీ గిడసబారిపోతాయి. దాని విషయంలో చిన్నదైనా పట్టి ఇంటికి తీసుకుపోవడమే చెరువుకు మేలు. బొచ్చె, రాగండి లాంటివి నిలవ నీటి చెరువుల్లో మామూలుగా గుడ్లు పెట్టవు. బయటి నుంచి పిల్లల్ని తెచ్చి వదులుతారు. అక్కడ కొలత పెట్టేది సంతానం కోసం కాదు, చేప బరువెక్కడం కోసం. కనుక గాలం వేసే ముందు ఆ నీళ్లలో ఏ చేప ఉందో, అది అక్కడే పుట్టిందో తెచ్చి వదిలిందో చెరువు చూసుకునేవాళ్లను అడగండి.