పొగ రంగు చూడండి... తర్వాతే ఇంజను విప్పించండి

నలుగురైదుగురు చిన్న రైతులు కలిసి పాత డీజిల్ వ్యాను కొనుక్కుని కూరగాయలు మార్కెట్‌కు తోలుకోవడం చాలా పల్లెల్లో ఉన్నదే. పాత బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పొగ చిమ్ముతుంది, చప్పుడు చేస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే "ఇంజను దించాల్సిందే" అంటారు. బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పిస్తే ఒక పంట మీద మిగిలిన డబ్బు అక్కడే అయిపోతుంది. లోపం ఒక్కోసారి ఎయిర్ ఫిల్టరులోనో, నాజిల్‌లోనో ఉంటుంది. అందుకే ఇంజను విప్పించే ముందు రైతు తానే కొన్ని పరీక్షలు చూసుకోవాలి.

డీజిల్ ఇంజనులో పిస్టను గాలిని గట్టిగా అదిమితే ఆ గాలి బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే అంటుకుంటుంది. గాలి చాలినంత అందాలి, కంప్రెషన్ ఉండాలి, డీజిల్ వేళకు సన్నగా పడాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా పొగలో తెలిసిపోతుంది.

నల్ల పొగ: డీజిల్ ఎక్కువ పడుతోందని, లేదా గాలి చాలడం లేదని అర్థం. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ముందు చూడవలసింది ఎయిర్ ఫిల్టరు. కాగితం ఫిల్టరైతే మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి. నల్లబడితే, చిరిగితే మార్చాలి. ఆయిల్ గిన్నె ఉండే రకమైతే గిన్నెలోని మడ్డి కడిగి, గీత వరకు కొత్త ఆయిల్ పోయాలి. ఫిల్టరు లేకుండా బండి నడపకూడదు, దుమ్ముకు బోరు అరిగిపోతుంది. మోతాదుకు మించి బరువు వేసినా, ఎత్తు మీద పెద్ద గేరులో లాగించినా నల్ల పొగే వస్తుంది. ఇవేవీ కాకపోతే నాజిళ్లు, డీజిల్ పంపు పరీక్ష చేయించాలి.

తెల్ల పొగ: చలికాలం పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే భయం లేదు. ఇంజను వేడెక్కాక కూడా వస్తూ, కళ్లు మండితే డీజిల్ మండకుండా బయటికి పోతున్నట్టు. నాజిల్ కారడం, టైమింగు వెనకబడటం, కంప్రెషన్ తగ్గడం ఇందుకు కారణాలు. రేడియేటరులో నీళ్లు తగ్గుతూ, ఇంజనాయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారితే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. అప్పుడు ఇక బండి నడపవద్దు.

నీలం పొగ: ఇంజనాయిల్ కాలుతోందన్నమాట. ముందు గేజి పుల్ల తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే తగ్గించి చూడాలి. పొద్దున స్టార్టు చేయగానే కాసేపు వచ్చి ఆగితే వాల్వు గైడ్లు, సీళ్లు అరిగి ఉండవచ్చు. బరువు లాగుతున్నంతసేపూ వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ గుప్పుగుప్పున కొడితే రింగులు, బోరు అరిగినట్టే. అప్పుడు కూడా కంప్రెషన్ గేజితో కొలిపించాకే ఇంజను దించడానికి ఒప్పుకోండి.

చప్పుడు ఎక్కడిది?

పైనుంచి సన్నగా టిక్ టిక్ అంటే టాపెట్ల సందు పెరిగి ఉంటుంది. ఇది చిన్న పని. సుత్తితో కొట్టినట్టు ఠక్ ఠక్ అంటే నాజిల్ లోపం గానీ, టైమింగు ముందుకు జరగడం గానీ కావచ్చు. అడుగు నుంచి దబ్ దబ్ మని బరువైన చప్పుడు వస్తూ, ఆయిల్ లైటు కూడా వెలిగితే బేరింగులకు ముప్పు. వెంటనే ఇంజను ఆపేయాలి. ఇంటిదాకా పోనిద్దాం అనుకుంటే క్రాంకు షాఫ్టు కూడా పాడవుతుంది.

ఏ సిలిండరులో లోపం?

పాత రకం డీజిల్ పంపు ఉన్న బండికి మెకానిక్కు చేత ఈ పరీక్ష చేయించవచ్చు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేయించాలి. ఇంజను కుంటితే ఆ సిలిండరు బాగా పనిచేస్తోంది. తేడా లేకపోతే పని చేయనిది అదే. నట్టు వదలగానే పొగ గానీ ఠక్ ఠక్ చప్పుడు గానీ తగ్గితే లోపం అక్కడే ఉంది. ఆ నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడాలి. లోపం నాజిల్ వెంట వెళితే ఆ ఒక్కటీ బాగు చేయిస్తే సరిపోతుంది. పాత చోటే ఉంటే కంప్రెషన్, వాల్వులు చూడాలి.

జాగ్రత్త! కామన్ రైల్ బండ్లకు ఈ నట్లు ఎప్పుడూ వదులు చేయకూడదు. వాటిలో డీజిల్ ఒత్తిడి వెయ్యి కిలోలు దాటి ఉంటుంది. పాత బండ్లలో కూడా నాజిల్ చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టవద్దు. అది చర్మంలోకి దూసుకుపోతుంది. సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేడి మీద రేడియేటరు మూత తీయవద్దు.

షెడ్డుకు వెళ్లేముందు ఇవి చూసుకోండి:

1. పొగ రంగు ఏమిటి? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, బరువు మీదా?
2. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చారు?
3. ఇంజనాయిల్ ఎంతుంది, ఏ రంగులో ఉంది?
4. రేడియేటరులో నీళ్లు తగ్గుతున్నాయా?
5. చప్పుడు పైనుంచా, అడుగు నుంచా?

ఇవి కాగితం మీద రాసుకుని మెకానిక్కుకు చెబితే పని సులువవుతుంది. మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. పొలంలో ఉండే ఆయిల్ ఇంజనుకూ పొగ రంగుల లెక్క ఇదే. దానికి సిలిండరు ఒకటే కాబట్టి నట్టు పరీక్ష మాత్రం అక్కర్లేదు.